పదిహేను దగ్గర ముల్లు

ఈమధ్య టైర్ల షాపుకెళ్తే సీసం దొరకడం లేదు. చక్రాల అంచుకు తగిలించే బరువు ముక్కలన్నీ ఇప్పుడు సీసానికి బదులు ఇనపవే. బకెట్ నిండా ఏరుకొచ్చి కరిగిద్దామని కూర్చుంటే, అవి కరగకుండా పైకి తేలి వెక్కిరిస్తాయి. తన తూటాలు తానే పోతపోసుకునే మిస్సౌరీ మనిషికి దేశం ఇంకెంత పాడవాలి?

అందుకే వెండెల్ ప్రూయెట్ గరాజులో మిగిలిన పాత సీసాన్ని బంగారంలా వాడుకుంటూ వచ్చాడు. ఆ తూటాలతోనే తుపాకుల క్లబ్బు గురి పోటీలో ఏటా గెలుస్తూ వచ్చాడు. బహుమతి, గెలిచినవాడి ఇంట ఏడాదిపాటు ఉండే ఒక ఇనప పెనం. అది హాల్లో, పెళ్ళి ఫోటో ఉండాల్సిన మేకుకి వేలాడుతుండేది.

పోటీకి వారం ముందు బావమరిది గార్లండ్ వచ్చాడు. వెండెల్ తన తూటా ఒకటి గట్టిదనం కొలిచే పరికరంలో బిగించి పిడి నొక్కాడు. సూది తూటాలోకి దిగింది, ముల్లు గట్టిదనం చూపించింది. పన్నెండు.

"ఎన్నిసార్లు నొక్కినా పన్నెండే!" అన్నాడు గర్వంగా.

"ఒకే అబద్ధం పదిసార్లు చెబితే నిజమవుద్దా బావా? పుస్తకంలో పదిహేను ఉండాలని రాశారు. నా తూటాలు నా పరికరంలో పదిహేను."

అతని పరికరంలో తన తూటా పెట్టి చూడొచ్చు. కానీ ఇంకొకడి పరికరం వాడటమంటే ఇంకొకడి టూత్‌బ్రష్ వాడటమే. వెండెల్ కుటుంబ గౌరవం ఒప్పుకోలేదు.

"ఏటా గెలుస్తున్నావుగా, ఇప్పుడేమొచ్చిందయ్యా?" అంది భార్య లోరెటా.

"ఇన్నాళ్ళూ తప్పుగా గెలిచానే!"

"నా ఓవెనూ తప్పే. పెట్టినదానికన్నా ఎక్కువ కాలుద్ది. ఎప్పుడూ అంతే ఎక్కువ. తెలుసు గనక తగ్గించి పెడతా. నేను కాల్చే ఆపిల్ పై ఎప్పుడైనా మాడిందా?"

ఇందులో వెండెల్‌కి వినిపించింది ఒక్కటే: ఓవెన్ పాడైంది.

ఉన్న సీసమంతా కరిగించి, మూతపడ్డ ప్రెస్సులో కొన్న, సీసాన్ని గట్టిపరిచే లోహపు అచ్చు అక్షరాలు కలుపుతూ పోయాడు. తన పరికరంలో ముల్లు పదిహేనుకి చేరాక తృప్తిగా తూటాలు పోశాడు.

పోటీలో ఆ తూటాలు మరీ గట్టిపడి తుపాకి గొట్టాన్ని పట్టుకోలేదు. లోపలంతా సీసం పూసుకుపోయింది. గురి కాగితం తట్టు పోసిన మొహంలా తయారైంది. పెనం గార్లండ్ చంకెక్కింది.

గార్లండ్ ట్రక్కు వెనక కూర్చుని తన పరికరం తీశాడు. తన తూటా పెట్టాడు, పదిహేను. వెండెల్‌ది పెట్టాడు, పదిహేను. శాండ్‌విచ్‌లోంచి చీజ్ ముక్క లాగి పెట్టాడు. పదిహేను.

"ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది బావా. కానీ నిలకడ చూడు!"

"మరి చెప్పవేంరా?"

"నువ్వు అడిగితేగా!"

వెండెల్ ఇంటికొచ్చాడు. కనీసం ఒక్కటైనా సరిచేద్దామని లోరెటా ఓవెన్ విప్పి, అంకెకి తగ్గ వేడి వచ్చేలా బిగించాడు. ఆమెకి చెప్పడం మర్చిపోయాడు. ఆమె అలవాటుగా తగ్గించే పెట్టింది. ఆదివారం, చర్చి నుంచి వచ్చిన చుట్టాలందరి ముందు కోసిన ఆపిల్ పైలో పిండి పచ్చిగా కారింది.

 ఇప్పుడు ఆమె ఖాళీ మేకుకి పెళ్ళి ఫోటో తగిలించి, దాని కిందే కూర్చుంటోంది.

అయ్యా, అమ్మా, మీలో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. కలిసిపోయిన అచ్చు అక్షరాల్ని సీసంలోంచి విడదీసేదెలా? సరిగ్గా పనిచేస్తున్న ఓవెన్‌ని మళ్ళీ మునుపటంత తప్పుగా, వీసమెత్తు తేడా లేకుండా, పాడుచేసేదెలా? మొదటిదానికి వచ్చే ఏడాది దాకా గడువుంది. రెండోది మాత్రం, దయచేసి, ఈ ఆదివారం లోపు.