రెండు సున్నాల లెక్క

హాలంతా చప్పట్లు కొడుతుంటే సలోమి చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

1984. అమలాపురంలో ఓ కాలేజీ సెమినారు. ముఖ్య అతిథి ప్రొఫెసర్ సత్యనారాయణమూర్తి, ఒకప్పుడు ఆమె గైడు. "చెత్త రాసేవు. ఇంటికెళ్లి పెళ్లి చేసుకో" అని ఆమె రిసెర్చి మాన్పించి, ఆ చెత్తనే తన పేరుతో అచ్చేయించుకుని డిపార్టుమెంటు హెడ్డయిన ఘనుడు.

"అంతర్వేది ఒడ్డును గడతో కొలిస్తే ఒక పొడవు. జానతో కొలిస్తే వంపులన్నీ లెక్కకొచ్చి ఇంకా ఎక్కువ," అన్నాడాయన. "అలాంటి ఆకారాల డైమెన్షన్ ఒకటికీ రెండుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. రెండు సమితుల లబ్ధానికి, అంటే దీన్నొకటీ దాన్నొకటీ జతకట్టిన సమితికి, ఆ రెంటి డైమెన్షన్లూ కూడితే చాలు. అదే నా సిద్ధాంతం."

ఆ ఒడ్డున పుట్టి పెరిగింది సలోమి. ఉదాహరణ కూడా ఆమెదే.

తప్పు కూడా ఆమెదే. గెంటించుకున్న వారానికే అది కనిపించింది. చెబుదామని వెళ్తే ప్యూను గుమ్మంలోనే ఆపేశాడు. అప్పటినుంచి నోరు విప్పలేదు. ఇప్పుడీ కాలేజీలో లెక్చరరుగా ఆయన్ని పిలవమని ప్రిన్సిపాల్ కామరాజుకు చెప్పిందీ, వందన సమర్పణ అడిగి పుచ్చుకున్నదీ ఆమే. అది ముగిసేదాకా మెడలో దండతో అతిథి కదలకూడదు మరి!

"మాస్టారూ, ఈ రుజువులో ప్రతి వాక్యమూ తమరిదేనాండీ?" వందన సమర్పణకు లేచి మైకులో అడిగింది.

ఆమెను గుర్తుపట్టి క్షణం తడబడ్డాడు. వెంటనే నవ్వేశాడు. "ఆయ్, నాదేనమ్మా. ఇంకొకరి చెయ్యి పడలేదు."

"సంతోషమండీ."

సుద్దముక్క అందుకుని బోర్డు మీద రెండు సమితులు రాసింది.

"దశాంశ బిందువు తర్వాత అంకెల స్థానాల్ని గుంపులు చేస్తే, ఈ సమితి సంఖ్యల్లో కొన్ని గుంపుల నిండా సున్నాలే. ఆ సమితిలో మిగతా గుంపుల నిండా సున్నాలే. ఒక్కో గుంపూ ముందున్నవాటికంటే అంతకంతకూ ఎన్నో రెట్లు పొడుగు. విడివిడిగా రెండూ పల్చటి ధూళి, డైమెన్షన్ సున్నా. కానీ దీన్నొకటీ దాన్నొకటీ కూడితే సున్నాకీ ఒకటికీ మధ్య ఏ సంఖ్యైనా వచ్చేస్తుంది. ఆ జతల కూడికలే గీతంతా నింపేశాయంటే లబ్ధం డైమెన్షన్ ఒకటికి తగ్గదు. సున్నాకి సున్నా కూడి తమరి లెక్కలో సున్నా వచ్చిందేంటండీ?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కామరాజు కళ్లజోడు సవరించుకుని బోర్డు వైపు వంగాడు.

సత్యనారాయణమూర్తి ముఖాన చెమట పట్టింది. "కూడితే చాలన్న ఆ వాక్యం... అది నేను రాసింది కాదు!"

"మరెవరు రాసేరండీ?"

ఆయన చెయ్యి దండ మీదికి వెళ్లింది.

సలోమి మైకును ఆయన మూతి దగ్గరికి జరిపింది.

"దండ ఉంచండి మాస్టారూ. వందన సమర్పణ ఇంకా అవలేదు."