చెయ్యి అందని చోటు

గులాబీరంగు రెక్సిన్ మంచం మీద మూడు బకెట్ల వేడినీళ్ళు గుమ్మరించి, నురగంతా పోయేదాకా తుడిచి, బున్నం రెండు అరచేతులూ గట్టిగా చరిచింది. తర్వాతి మనిషి రావచ్చని దాని అర్థం.

కొరియాలో, బూసాన్ రేవు వెనక సందులోని ఆ స్నానశాలలో, ఆడవాళ్ళ వైపు, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒళ్ళు తోమే మనిషి ఆమే. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో ఉంటుంది. వేళ్ళ చివర్లు నానీ నానీ ముడతలు పడి, సెలవురోజున కూడా మామూలుగా అవవు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. సోమవారం ఆపరేషన్. ఇవాళ శుక్రవారం, పనికి ఆఖరి రోజు.

వీపు మీద చెయ్యి పడితే చాలు, పాతకాలం వైద్యులు చెప్పే నాలుగు రకాల ఒళ్ళలో ఏదో బున్నం చెప్పేస్తుంది. నడుము లావుగా ఉండి చెమట ధారాళంగా పడితే పెద్ద చలువ ఒళ్ళు; కోపం ఆలస్యంగా వస్తుంది, వస్తే ఓ పట్టాన పోదు. భుజాలు బలంగా, తుంటి తేలిగ్గా ఉంటే చిన్న వేడి ఒళ్ళు. తోముతున్నంతసేపూ నోరు మూయదు. దానికి రక్తం గ్రూపు కలుపుతుంది, పుట్టిన ఏడాదికి అక్కడి పంచాంగం చెప్పే జంతువును కలుపుతుంది. ఈమధ్య ఆడపిల్లలు తమ స్వభావానికి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చెబుతున్నారు, వాటినీ కాదనదు. ఒక్కదాంతో మనిషి అర్థం కాదు, అన్నీ కలిపి చూస్తే కొంతైనా దొరుకుతుందని ఆమె నమ్మకం.

తన సంగతి మాత్రం చిన్నప్పుడే తేలిపోయింది. కుందేలు ఏడాది, 'ఎ' గ్రూపు రక్తం. రెండూ బిడియస్థుల లెక్కే. బున్నం అలాగే బతికింది. వలలు కుట్టే ఒకతను పెళ్ళాడతానంటే, అతనిది బి గ్రూపు, మనకు పొసగదని తల దించుకుని వచ్చేసింది. స్నానశాలలో ముక్కూమొహం తెలియని వాళ్ళు కూడా ఒకరి వీపు ఒకరు తోముకుంటారు. ఆమె మాత్రం ఎవరినీ అడగలేదు. పని ముగిశాక గోడకున్న యంత్రానికి వీపు ఆనించి మీట నొక్కేది. గుండ్రటి బిళ్ళ గిర్రున తిరిగి, ఎంత అందితే అంత తోమేది.

పోయిన వారం ఆసుపత్రి వాళ్ళు చేతికిచ్చిన కాగితంలో బి గ్రూపు అని ఉంది. పొరపాటేమో చూడండంటే మళ్ళీ చూశారు. బి గ్రూపే. బడిలో ఎవరో తొందరలో తప్పు రాసినట్టున్నారు. ఆ సాయంత్రం అన్నయ్యకు ఫోన్ చేస్తే ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వు కుందేలువి కూడా కాదే పిచ్చిదానా. పులి ఏడాదిలో పుట్టిన పిల్లని ఎవరు చేసుకుంటారని అమ్మ ఏడాది ఆగి రాయించింది."

అప్పట్నించీ నిద్ర సరిగా లేదు. మరి ఇన్నేళ్ళూ బతికింది ఎవరు? ఆమెకు ఒక్కటే కోరిక మిగిలింది. ఇక్కణ్ణించి వెళ్ళిపోయేలోగా, ఒక్కరిని, నోరు తెరిచి, నా వీపు తోమమని అడగాలి. పొద్దున్నించీ రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ నీళ్ళు వేడిగా ఉన్నాయా అని అడిగి ఊరుకుంది.

పదకొండింటికి మందుల షాపులో పనిచేసే సొల్హీ వచ్చి మంచం మీద బోర్లా పడుకుంది. లోపలికి ఫోను తేకూడదు గనక ఆ నాలుగక్షరాలు తేల్చే ప్రశ్నలన్నీ కంఠతా పట్టుకొచ్చింది.

"పిన్నీ, నువ్వు చెప్పిందాని ప్రకారం ఇప్పుడు నువ్వు పులి, బి గ్రూపు, చిన్న వేడి ఒళ్ళు. ఇంక అక్షరాలు తేలిపోతే నీ సంగతేంటో కలిపి చెప్పేస్తా. కొత్తవాళ్ళ దగ్గర నీకు ఇబ్బందిగా ఉంటుందా?"

"నా దగ్గరికి అందరూ బట్టల్లేకుండానే వస్తారు. ఇంక కొత్తవాళ్ళెవరే?"

సొల్హీ నవ్వుకి మంచం ఊగింది. "సరే, ఇది చెప్పు. నీకేం కావాలో ఎదుటివాళ్ళని సూటిగా అడగగలవా?"

బున్నం చెయ్యి ఆగిపోయింది. తర్వాత నడుం మీద ఒక్కటి చరిచి, "ఇటు తిరుగు," అంది.

"తప్పించుకున్నావులే. అంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగింది పిన్నీ."

మధ్యాహ్నం ప్యో మామ్మ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళు. ప్రతి మంగళవారం, శుక్రవారం వస్తుంది. పేరు రాసిన నీలం బుట్ట స్నానశాల అరలోనే ఉంచుకుంటుంది. ఆమెకు ఏ లెక్కల మీదా నమ్మకం లేదు. "నా రక్తం ఏ గ్రూపో నాకెందుకు? ఎర్రగా ఉంది, చాలదూ," అంటుంది. కాగితంలా పల్చబడిన ఆ చర్మాన్ని బున్నం మెత్తగా తోమి, నీళ్ళు పోసి, చెయ్యి పట్టుకుని లేపింది. మామ్మ రెండడుగులు వేసింది.

"మామ్మా," అంది బున్నం. "నా వీపు కాస్త తోముతావా?"

మామ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "అడగటానికి ముప్పై ఒక్క ఏళ్ళు పట్టిందా తల్లీ! పడుకో."

తన మంచం మీద తాను పడుకోవడం బున్నానికి అదే మొదటిసారి. రెక్సిన్ ఇంత వెచ్చగా ఉంటుందని ఆమెకు తెలియదు. మామ్మ ఆకుపచ్చ గరుకు తొడుగు చేతికి వేసుకుంది. చేతిలో బలం లేదు. ఆగి ఆగి తోమింది.

"ఓసి నీ దుంపతెగ! యంత్రం అందని చోటంతా ఇక్కడుందే, రెక్కల మధ్య. ఇంత మట్టి పెట్టుకుని ఊరందరి వీపులూ తోమావా?"

ఇంకా వేడినీళ్ళ తొట్టిలోనే నానుతున్న సొల్హీ అరిచింది. "పిన్నీ, అడిగేశావ్! అక్షరం మారిపోయింది!"

బున్నం నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "మామ్మా, నేనెలాంటి మనిషిని?"

"ఎలాంటిదానివేంటి? నా వేళ్ళు పనిచెయ్యని ఏడాది చలికాలమంతా నా తల నువ్వే కడిగావు. కడగమని నేనడిగానా? లేదే. అలాంటిదానివి." మామ్మ ఆయాసపడి ఆగింది. "సగమే అయింది. ఈ తొడుగు నా బుట్టలో ఉంటుంది. కాళ్ళు బాగయ్యాక రా, మిగతాది తోముతా."

సాయంత్రం బున్నం మంచం కడిగి, గల్లాపెట్టె దగ్గరున్న యజమానురాలికి చెప్పి, వీపు మండుతుంటే హాయిగా నడిచి ఇంటికి వెళ్ళింది.

ఆసుపత్రిలో ఉండగా గురువారం యజమానురాలు ఫోన్ చేసింది. మామ్మ మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. బున్నం చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే, అడిగాను, ఆవిడ ఉండగానే అడిగాను అనుకుంది. పులికీ కుందేలుకీ, తప్పు రాసిన ఆ చేతికీ, అందరికీ దండం పెట్టాలనిపించింది.

రెండు నెలల తర్వాత కర్ర పట్టుకుని స్నానానికి వచ్చింది. పక్కన కూర్చున్న తెలియని ఆవిణ్ణి వీపు తోమమని అడిగింది. ఆవిడ సరేనని తొడుగుందా అంది. బున్నం అరవైపు చూసింది. ప్యో అని రాసిన నీలం బుట్ట ఇంకా అక్కడే ఉంది. దాని అంచున ఆకుపచ్చ తొడుగు బిరుసుగా ఎండిపోయి, ఒక చిన్న చేతి ఆకారంలో నిలిచి ఉంది.