తేదీ లేని రాజీనామా

మూడో వరుస చివరికి వచ్చేసరికి సాల్బియా చెప్పుల్లోకి చేపనీళ్లు ఎక్కాయి. శాసనసభ ఉన్న ప్రతి రోజూ ఆరింటికే కువాలా సెరాయ్ చేపల సంత చుట్టి, ఎనిమిదింటికి కారెక్కడం ఆమెకు పదమూడేళ్ల అలవాటు. పొట్టి మనిషి. నిండు బుగ్గలు, గడ్డం కింద పిన్నుతో బిగించిన ఊదారంగు తలగుడ్డ, మోకాలి నొప్పితో ఒక పక్కకు ఒరిగే నడక. మునుపు చేపలమ్మేవాళ్లు, శాసనసభ్యులను పిలిచే మర్యాదలో "వైబీ, వైబీ" అంటూ తడిచేతులు తుడుచుకుని మరీ పలకరించేవాళ్లు. ఇవాళ ఒక్కరూ తలెత్తలేదు.

జెనాబ్ పిన్ని వంజరం తల నరుకుతోంది. సాల్బియా తల్లి పోయేదాకా ఆ పక్క బండ మీదే చేపలమ్మింది. ఆ చనువుతోనే సాల్బియా ఒక కిలో ఇమ్మంది.

"నీకు అమ్మను," అంది పిన్ని కత్తి ఆపకుండా. "ఇవాళ ఈ బండల కింద నేల కంపెనీకి రాసిచ్చేస్తున్నారటగా. బల్ల చరవడానికి నీ చెయ్యి బాగుండాలి. ముల్లు గుచ్చుకుంటే ఎట్లా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నేను వద్దంటాను పిన్నీ. ఇవాళ లేచి చెబుతాను."

"నువ్వా? పదమూడేళ్లలో నీ నోట్లోంచి ఆవలింత తప్ప ఏం వచ్చింది? పో పో, బేరాల వేళ."

పిన్ని నోరు చెడ్డదే కానీ అన్నదాంట్లో అబద్ధం లేదు. సాల్బియాను గొప్ప నాయకురాలనడానికి నోరు రాదు. పార్టీ విందుల్లో వంట గుండిగలు కలిపిన మనిషి. సీటు కోసం ఇద్దరు మగాళ్లు కొట్టుకు చస్తుంటే, ఎవరికీ దక్కకూడదని ఆమెకిచ్చారు. ఆ తర్వాత అదే కొనసాగింది. మురుగుకాల్వలు ప్రారంభించింది, పెళ్లిళ్లలో ఫొటోలు దిగింది, ఊళ్లో పోయిన ఆడవాళ్లకు చివరి స్నానాలు చేయించింది. సభలో మాత్రం ముఖ్యమంత్రి మాట్లాడినప్పుడల్లా బల్ల చరిచింది, అంతే.

చరవక ఏం చేస్తుంది? నామినేషన్‌కు ముందు రోజు ఆ పార్టీలో అభ్యర్థులందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. శాసనసభ్యత్వానికి రాజీనామా అది. తేదీ చోటు మాత్రం ఖాళీ. కాగితాలన్నీ దాతుక్ బిరుదున్న పార్టీ కార్యదర్శి రుస్లాన్ ఇనప్పెట్టెలో ఉంటాయి. మొదటిసారి ఆమె అమాయకంగా, "తేదీ వెయ్యలేదండీ," అంది. "అది మేం చూసుకుంటాంలే అక్కా," అని నవ్వాడాయన. తన పదవి తుమ్మితే ఊడే ముక్కని సాల్బియాకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా మరో రెండు ఎన్నికల్లో సంతకం పెట్టింది.

శాసనసభ వసారాలో రుస్లాన్ ఆమె కోసమే కాచుకున్నాడు.

"మాట్లాడతానని పేరిచ్చావట అక్కా."

"ఇచ్చాను."

"ఒంట్లో బాలేదని ఇంటికెళ్లు. సాయంత్రం పళ్లు పంపిస్తా."

"మా అమ్మ ఆ బండ మీద నెత్తురు కడిగి నన్ను చదివించింది దాతుక్."

"అందరి అమ్మలూ ఏదో ఒకటి కడిగినవాళ్లే," అని ఆయన ఫోను తీసుకుని అవతలికి నడిచాడు.

ఆయన ఏం చేయబోతున్నాడో ఆమెకు తెలుసు. వేసుకోనీ తేదీ, అనుకుంది. ఆ కాగితం సభాపతి చేతికి అందేలోగా నాలుగు మాటలు అనేస్తే చాలు. అరచేతులు చెమట పట్టాయి. పదకొండు దాటాక గానీ ఆమె వంతు రాలేదు. చదువుకునే కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి లేచింది.

"అధ్యక్షా, కువాలా సెరాయ్ సంత..."

మైకు ఆగిపోయింది.

"మీ రాజీనామా పదిన్నరకే అందింది," అన్నాడు సభాపతి, కాగితం మీంచి చూపు ఎత్తకుండా. "ఆ స్థానం ఖాళీ. బయటివాళ్లు సభలో ఉండకూడదు."

ఆమె పార్టీవాళ్లే బల్లలు చరిచారు. ఎన్నాళ్లుగానో పక్కన కూర్చున్నాయన అందరికంటే గట్టిగా చరిచాడు.

వాకిలి దగ్గర బంట్రోతు, "దయచెయ్యండి వైబీ," అనబోయి, "అమ్మా," అని దిద్దుకున్నాడు.

గేటు బయట సంత ఆడవాళ్లు అట్టలు పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. వార్త వాళ్లకు అప్పటికే చేరింది. జెనాబ్ పిన్ని రాజీనామా కాగితం ఫొటో ఉన్న ఫోను సాల్బియా మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టింది.

"ఇది నీ సంతకమేనా?"

అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. అయినా తన సంతకం తనకు తెలియదా.

"నాదే. కానీ ఇవాళ పెట్టింది కాదు పిన్నీ. మూడేళ్లయింది. ఎన్నికలకు ముందే పెట్టించుకున్నారు."

పిన్ని రెండో చేతిలోని అట్ట కిందికి దించింది.

"అంటే, ఓటెయ్యమని మా చేతులు పట్టుకోక ముందే మమ్మల్ని వదిలేస్తానని రాసిచ్చి వచ్చావన్నమాట."

పిన్ని ఫోను లాక్కుని వెనక్కి తిరిగింది. మిగతావాళ్లు దారి ఇవ్వలేదు, అడ్డమూ రాలేదు. ప్రభుత్వ కారు అప్పటికే వెళ్లిపోయింది. సాల్బియా ఒక పక్కకు ఒరుగుతూ బస్టాపు వైపు నడిచింది. ఆ తర్వాత కువాలా సెరాయ్‌లో ఆమెను చూసినవాళ్లు లేరు.

మధ్యాహ్నం భోజనాలకు ముందే సంత నేలను కంపెనీకిచ్చే బిల్లు నెగ్గింది. అందరూ లేచి వెళ్లాక, రెండో వరుసలో ఒక బల్ల మీద చదువుకునే కళ్లజోడొకటి తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది, ఎడమ అద్దం మీద చెమట పట్టిన బొటనవేలి ముద్రతో.