మెట్లు లేని ఇల్లు

"లేని సంఖ్యల మీద లెక్కలు చేసేదానికి ఉన్న ఉప్పు యాడ కనపడతాది?" అన్నాడు కార్తికేయ, ఉగ్గాని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని. ఉమాదేవి ఉప్పు డబ్బా అందుకునేలోపే పళ్ళెం వచ్చి ఆమె భుజానికి తగిలింది. మెడ మీద, జాకెట్టు లోపల, నేల నిండా తడి బొరుగులు. ఆమె చీపురు తెచ్చి ఊడ్చింది. అత్త వరలక్ష్మమ్మ కాళ్ళు మంచం మీదికి తీసుకుని, కింద కూడా పడినాయి చూడమంది. క్లాసుకు పోవాల్సిన బస్సు హైవే మీద హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోవడం ఉమాదేవికి వంటింట్లోకి వినిపించింది.

రాప్తాడులో వాళ్ళది బోరు మోటార్ల అంగడి. వానలు పడని ఏళ్ళలోనే అది బాగా నడిచేది. పెళ్ళయ్యాక ఉమాదేవి అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఎంటెక్ లేకపోతే ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్ళు తేల్చేస్తే, యూనివర్సిటీలో చేరడానికి కార్తికేయ ఒప్పుకున్నాడు. వంట చేసి, అత్తకు నీళ్ళు కాచి, అంగడి బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించి, అవన్నీ అయ్యాక మిగిలిన మనిషి యూనివర్సిటీకి వెళ్ళేది.

ఆ మిగిలిన మనిషికి, ఊహా సంఖ్యల లెక్కలు చెప్పే కాంప్లెక్స్ అనాలిసిస్ క్లాసంటే ప్రాణం. ఒకరోజు సార్ బోర్డు మీద ఒక గీతను చుట్టూ తిప్పి కలిపి, ఈ కంచె పొడవునా విలువలు తెలిస్తే చాలు, లోపల ఏముందో లోపలికి పోకుండానే చెప్పేయొచ్చన్నాడు. ఉమాదేవి ఆ గీతను నోట్సులో దించుకుంది. బస్సు దిగేదాకా ఆ మాటే మననం చేసుకుంది. అంత సంతోషం లోపల పెట్టుకోలేక ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. మర్నాడు అంగడిలో కూర్చున్న నలుగురి ముందూ అతను దాన్ని నవ్వులాట చేశాడు. ఆ తర్వాత ఆమె ఏ పాఠం గురించీ ఇంట్లో నోరు విప్పలేదు.

రెండో కోర్సు ఇన్ఫర్మేషన్ సోషియాలజీ. ఒక సంగతి మనుషుల మధ్య ఎట్లా నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఎవరు ఆపుతారు, మీకు తెలిసిన వీధిలోనే చూసి రండి అని ఎలిజబెత్ మేడం పని ఇచ్చింది. ఉమాదేవి తమ వీధి ఆడవాళ్ళను అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో ఫోను ఎవరి దగ్గరుంటుంది? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? మీకొచ్చిన మెసేజీ మీకంటే ముందు ఎవరు చూస్తారు? నాలుగిళ్ళు తిరిగేసరికి ఆ మాట అంగడికి చేరింది.

ఆ సాయంత్రం కార్తికేయ వచ్చి గడియ పెట్టాడు. "మన ఇంటి సంగతి ఊరందరికీ పంచి వస్తాండావా?" అంటూ మెడ పట్టుకుని ఆమెను బీరువా దాకా తోసుకుపోయాడు. కుడిచెయ్యి లోపల పెట్టించి తలుపు మూశాడు. తెరిచి, మళ్ళీ మూశాడు. ఆమె గొంతు చించుకుని అరిచింది. వరలక్ష్మమ్మ రిమోట్ తీసుకుని టీవీ శబ్దం పెంచింది.

మిద్దె మెట్ల మీద జారిపడిందని ఆస్పత్రిలో కార్తికేయే చెప్పాడు. డాక్టరు ఎక్స్‌రే వైపు చూశాడు, ఆమె మెడ మీది వేళ్ళ గుర్తుల వైపు చూశాడు, అతను చెప్పినట్టే రాశాడు. చేతికి కట్టుతో ఇంటికి వస్తే, మెట్లు చూసుకుని దిగాల్సింది గదమ్మా అని పక్కింటి బయమ్మ కూడా అంది. బయమ్మ ఏళ్ళ తరబడి ఆ గోడ పక్కనే బతుకుతున్న మనిషి. ఉమాదేవి వాళ్ళది రేకుల ఇల్లు. దానికి మెట్లే లేవు.

ఉమాదేవి ఫోన్ల సంగతి వదిలేసింది. తన చెయ్యి గురించి ఎవరేం విన్నారు, ఎవరికేం తెలుసు అని అడగడం మొదలుపెట్టింది. బయమ్మ కళ్ళు తిప్పుకుంది. తను పాఠాలు చెప్పిన కాలేజీలో తోటి లెక్చరర్లు, మాకు అనుమానంగానే ఉండె, మీ సంసారంలో మేమెందుకని, అన్నారు. చివరికి ఒక మధ్యాహ్నం శెనక్కాయలు ఒలుస్తున్న అత్త ముందు కూర్చుంది. నేను పడలేదని మీకు తెలుసు కదా అని అడిగింది.

వరలక్ష్మమ్మ ఒలిచిన పొట్టు పక్కకు తోసింది.

"తెలీకేమి" అంది. "మీ మామ నన్ను కొట్టేటప్పుడు మా యత్త రోట్లో దంచుతాండేది. రోట్లో ఏమీ లేకపోయినా దంచేది. ఆయమ్మకి టీవీ లేదు."

ఉమాదేవికి రావాల్సిన కోపం రాలేదు. అత్త ఎడమచేతి చిటికెన వేలు వంగకపోవడం ఎన్నేళ్ళుగానో చూస్తోంది. అది పుట్టుకతోనే అట్లా ఉందనుకుంది ఇన్నాళ్ళూ.

మేడం ఇచ్చిన పని గురించి క్లాసులో మాట్లాడాల్సిన సెమినార్ రోజున కార్తికేయ తనే బండి మీద తీసుకొచ్చాడు. ఈమె ఏం వాగుతుందో వినాలని క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాడు. అతన్ని చూస్తూనే ఉమాదేవి బోర్డు దగ్గరికి నడిచింది. ఫోన్ల గురించి మాట్లాడి ముగిస్తే ఈ పూట గడిచిపోతుంది. కానీ నోరు తెరిచాక ఆమెకు వేరే మాట రాలేదు.

ఒక ఇంట్లో ఒకామె చెయ్యి విరిగిందని మొదలుపెట్టింది. మెట్ల మీద పడిందన్న మాట ఆస్పత్రికి, వీధికి, కాలేజీకి ఎట్లా నడిచిందో చెప్పింది. "ఆ ఇంటికి మెట్లు లేవు. తెలియక ఊరుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. తెలిసినవాళ్ళే ఆ సంగతిని ఎక్కడికక్కడ ఆపినారు. ఆ చెయ్యి ఇదే" అని కట్టు పైకెత్తింది.

కార్తికేయ బెంచీలు దాటుకుంటూ వచ్చి, జుట్టు పట్టి ఆమె తలను బోర్డుకేసి కొట్టాడు. ఎలిజబెత్ మేడం అడ్డం పడేలోపే రెండోసారీ కొట్టాడు. క్లాసు పిల్లలు అతన్ని వెనక్కి లాగి నేల మీద అదిమి పట్టారు. కనుబొమ మీంచి కారే నెత్తురు కంట్లోకి దిగుతుంటే ఉమాదేవి బల్ల పట్టుకుని నిలబడింది.

"అందరూ చూసినారు గదా" అంది. "ఎవరైనా అడిగితే జారిపడిందని మాత్రం చెప్పాకండి."

పోలీస్ స్టేషన్లో ఎస్సై, పెద్దల్ని పిలిపించి రాజీ చేసుకోవచ్చు కదమ్మా అన్నాడు. రేపు నాకు కాంప్లెక్స్ అనాలిసిస్ పరీక్ష ఉంది సార్, పోయి చదువుకోవాలి, త్వరగా రాసుకోండి అంది ఉమాదేవి. వరండాలో క్లాసంతా సాక్ష్యానికి నిలబడి ఉంది. ఎస్సై కేసు రాసుకున్నాడు. ఆ పూట ఆమె ఎలిజబెత్ మేడం ఇంటికి వెళ్ళింది.

మర్నాడు ఎడమచేత్తో, వంకర అక్షరాలతో పరీక్ష రాసింది. రాయగలిగినంతా రాసి ఎండలోకి వచ్చేసరికి ఫోను మోగింది. బయమ్మ నంబరు. మాట్లాడింది మాత్రం వరలక్ష్మమ్మ. నిన్న సాయంత్రమే పెద్దమనుషులు స్టేషన్ బెయిలు మీద కార్తికేయను ఇంటికి తెచ్చుకున్నారని, అతను అంగడి కూడా తెరవలేదని గొంతు తగ్గించి చెప్పింది. ఇక ఇంటికి రమ్మంటుందని ఉమాదేవి అనుకుంది. రాను అత్తా, నేను ఇక్కడ, అని మొదలుపెట్టింది.

"యాడుండావో నాకు చెప్పాకు" అంది వరలక్ష్మమ్మ. "తెలిస్తే నా నోట్లోనుంచి రాబట్టుకుంటాడు. పొద్దున్నుంచి వాడు ఆ పని మీదనే ఉండాడు."

దెబ్బలు తిన్న మనిషి ఎగశ్వాస అది, ఉమాదేవికి తెలిసిన ఊపిరే.

"చెప్పనులే అత్తా, బస్టాండులో నేనుంటా, వచ్చి చూద్దురుగాని" అంది. "ఇంట్లోకి తిరిగి పోవాకండి. అట్లే బయటికొచ్చి అనంతపురం బస్సెక్కండి."