మొదటి వైపుకీ రెండో వైపుకీ మధ్య

వాన ఇంకా రాలేదు. వాసన వచ్చింది.

ఎక్కడో దూరాన తడిసిన మట్టి... గాలి దాన్ని మోసుకొచ్చి సందులో దింపిపోయింది.

దుకాణం వెనక సందు. ఒక గోడకి ఆనించిన సైకిలు. ఇంకో గోడకి ఆనుకున్న ఇద్దరు మనుషులు. వాళ్ళిద్దరికీ ఒకటే అగ్గిపుల్ల.

ముందు బావ వెలిగించుకున్నాడు. పుల్ల ఆరిపోయేలోగా చెయ్యి అడ్డం పెట్టి ఇతనికి అందించాడు.

పొగ లేచింది. గాలికి వంగింది. విడిపోయింది.

ఇతను కటింగ్ మాస్టర్. మెడలో టేపు, జేబులో సుద్దముక్క, మోచేతుల దాకా దారప్పోగులు.

ఇతను సిగరెట్లు కాల్చడు.

అడిగితే అదే చెబుతాడు. అబద్ధం కూడా కాదు. జన్మలో ఒక్క పెట్టె కొనలేదు. ఒక్కడే కూర్చుని ఒక్కటీ వెలిగించలేదు. పొద్దున లేవగానే చెయ్యి వెతుక్కోదు. అన్నం తిన్నాక నోరు అడగదు. ఎవరైనా పక్కన ఉంటేనే... ఎవరైనా అంటే ఎవరో కాదు.

బావ ఉంటేనే.

దుకాణంలో కాజాలు కుట్టే పెద్దాయన ఒకసారి సూది మీంచి తల ఎత్తకుండానే అన్నాడు — "నువ్వు కాల్చేవాడివి కాదయ్యా. తోడు కాలేవాడివి."

ఇతను నవ్వేశాడు. కానీ ఆ మాట, కోటు అస్తరులో మర్చిపోయిన గుండుసూదిలా, వంగినప్పుడల్లా ఎక్కడో తగిలేది.

అక్క పెళ్ళయ్యేనాటికి ఇతనికి ఇంకా మీసం రాలేదు. బావ లిఫ్టులు బాగుచేసేవాడు. ఎంత రుద్ది కడిగినా వేళ్ళ సందుల్లో గ్రీజు పోయేది కాదు. కొత్త కాపురానికి మంచం వచ్చింది, బీరువా వచ్చింది, గిన్నెలు వచ్చాయి. అన్నిటికన్నా ముందు అట్టపెట్టెల నిండా పాటల రికార్డులు వచ్చాయి.

"మెల్లగా దించరా. లోపల మనుషులున్నారు," అన్నాడు బావ.

ఉన్నారు. జుట్టు పెంచుకున్న మనుషులు. గిటార్లు ఏడిపించే మనుషులు. మాటలు అర్థమయ్యేవి కావు. గొంతులు అర్థమయ్యేవి.

బావకి ఒక పట్టింపు. పాట వినకూడదు. ఆల్బం వినాలి.

"పాట వినడమంటే కిటికీలోంచి తొంగిచూడ్డంరా. ఆల్బమంటే తలుపు తీసుకుని లోపలికెళ్ళడం. ముందుగది, పడగ్గది, వంటిల్లు, పెరడు... అన్నీ చూడాలి. మధ్యలో లేచొచ్చేస్తే ఆ ఇంటివాళ్ళ మొహం మీద తలుపేసినట్టు."

బావకి ప్రాణం — అట్ట మీద సముద్రం ఉన్న ఆల్బం. సముద్రంలో గుర్రం, మెడదాకా నీళ్ళు. ఆ బ్యాండు పని అయిపోయిందని ఊరూరా అనుకున్నాక చేసిన ఆల్బమట. మొదటి వైపంతా తుఫాను. రెండో వైపు ఒకే ఒక్క గిటారుతో మొదలవుతుంది. అందరూ వెళ్ళిపోయిన ఇంట్లో ఎవరో ఒక్కరు మిగిలిపోయి, దీపాలు వెలిగించుకుంటూ తిరుగుతున్నట్టు.

ఇతనికి ప్రాణం — ఎర్ర అట్టది. అందులో డ్రమ్ములు కొట్టేవాడు ప్రతిసారీ వెంట్రుకవాసి ఆలస్యంగా కొడతాడు. గుండె ముందు వెళ్ళి నిలబడుతుంది. అతని కోసం చూస్తుంది. అప్పుడొస్తాడు.

ఏది గొప్పదని వాదించుకునేవాళ్ళు. తేలేది కాదు. తేలాలని ఇద్దరికీ లేదు.

మొదటి వైపు అయిపోయేది. సూది చివరి గీతలో పడి గరగరమంటూ తిరిగేది. బావ లేచేవాడు. వెంటనే తిప్పేవాడు కాదు.

"కాస్త ఊపిరి పీల్చుకోనీ వాళ్ళని," అని మేడ మీదికి వెళ్ళేవాడు.

ఒక్క సిగరెట్. మొదటి వైపుకీ రెండో వైపుకీ మధ్య, ఒక్కటే.

మీసం వచ్చిన ఏడాది ఇతనూ వెనకే మెట్లెక్కాడు. బావ తన నోట్లోది తీసి ఇచ్చాడు. దగ్గొచ్చింది. కళ్ళ నీళ్ళొచ్చాయి. కింద అక్క గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు. పైన గాలి. పెద్దవాణ్ణయిపోయాననుకున్నాడు.

అలా ఏళ్ళు తిరిగాయి. ఒక వైపు, ఒక సిగరెట్, ఇంకో వైపు.

తర్వాత అక్కా బావా విడిపోయారు.

అరుపుల్లేవు. పెద్దమనుషుల్లేరు. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ ఇద్దరు మంచివాళ్ళకీ ఒక కప్పు కింద పొసగలేదు. ఒకే నీళ్ళు, ఒకే ఎండ... అయినా కొన్ని మొక్కలు ఒక కుండీలో బతకవు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆకు ముడుచుకుంటాయి.

కాగితాల మీద సంతకాలు పడ్డాయి. వాళ్ళ పాప అక్క దగ్గర ఉండిపోయింది. బావ ఊరి అటు చివర ఒంటిగదిలోకి మారాడు.

రికార్డులు? "చోటు తింటున్నాయి, నీ దుకాణానికి తీసుకుపో," అంది అక్క.

వాటిని మోగించే పెట్టెతో సహా తీసుకుపోయాడు. అస్తరు తానుల పక్కన పెట్టాడు. వాటి వెనకే బావ వచ్చాడు. వారానికోసారి, పని దిగి, సాయంత్రం. కాజాల పెద్దాయన ఇంటికెళ్ళిపోయాక.

సంతకాలు పడ్డాక బావని ఏమని పిలవాలి? ఎంత వెతికినా ఇంకో మాట దొరకలేదు. అందుకే బావా అనే పిలిచాడు. ఆయనా ఏరా అనే పలికాడు.

మొదటి వైపు. వెనక సందులో ఒక్కటి. రెండో వైపు.

ఆ సంగతి అక్కకి చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పడానికి తగిన రోజు ఏదీ రాలేదు.

పాపని ఇంట్లో పిచ్చుక అంటారు. ఒక్కచోట కూర్చోదు. అన్నం కూడా తిరుగుతూనే తింటుంది.

బావ మొదట్లో ఆదివారాలు పిచ్చుకని చూడ్డానికి వెళ్ళేవాడు. తర్వాత ఒక వారం విడిచి ఒక వారం. తర్వాత... మానేశాడు. ఎందుకని ఇతను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇద్దరి మధ్యా గిటార్లు మోగుతుండేవి. అడక్కపోయినా నడిచిపోయేది.

దుకాణం నుంచి అక్క ఇల్లు నాలుగడుగులు. బావ వచ్చి వెళ్ళిన సాయంత్రాలు ఇతను అక్కడే అన్నం తినేవాడు. అదేం చిత్రమో, ఆ సాయంత్రాల్లోనే పిచ్చుక గుమ్మంలో కాచుకుని ఉండేది. చెప్పులు విప్పనివ్వదు. వచ్చి నడుం కరుచుకుంటుంది. చొక్కాలో మొహం దాచేసుకుంటుంది. కదలదు. ఒక్కచోట కూర్చోని పిల్ల... చెట్టుకి అంటుకున్న ఆకులా అలా ఉండిపోతుంది.

మావయ్యంటే ఎంత ప్రేమో అని మురిసిపోయేవాడు.

వాన వాసన వచ్చిన ఆ సాయంత్రం కూడా అలాగే కరుచుకుంది. అక్క కంచాలు పెడుతోంది. పిచ్చుక చొక్కాలోంచి తల ఎత్తకుండానే అంది —

"మావయ్యా, నీ దగ్గర నాన్న వాసనొస్తుంది."

కంచం పెడుతున్న చెయ్యి ఆగింది.

ముగ్గురూ తిన్నారు. పిల్ల నిద్రకి జోగింది. బయట వాన మొదలై, నాలుగు చినుకులు రాల్చి, మనసు మార్చుకుని వెళ్ళిపోయింది.

వంటింట్లో అక్క కొళాయి తిప్పింది. చేతులు కడుక్కోలేదు. నీళ్ళని అలా పోనిచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ."

"నీ దుకాణానికి వస్తాడా?"

"రికార్డులు వినడానికి."

అక్క నవ్వింది. అందులో నవ్వు లేదు.

"నీతో సిగరెట్టు కాల్చడానికి ఊరు అటు చివర్నుంచి వస్తాడు. నాలుగడుగులు వేసి పిల్లని చూసిపోవడానికి కాళ్ళు రావు. ప్రతి ఆదివారం దానికి జడేసి కూర్చోబెట్టేదాన్నిరా. మధ్యాహ్నం దాటాక జడ విప్పమనేది. ఇప్పుడు జడ వెయ్యమనడమే మానేసింది."

"బావ అలాంటోడు కాదక్కా..."

"ఇంకా బావేంట్రా నీకు?"

అక్క కొళాయి కట్టేసింది.

"నేను నిన్ను రావద్దనను. అతన్ని కలవొద్దనీ అనను. కానీ ఆ వాసన వేసుకుని మాత్రం నా గుమ్మం తొక్కకు. పిల్ల కాచుకునేది నీకోసం కాదు. ఇప్పుడైనా తెలిసిందా?"

తెలిసింది.

ఇంటికి వెళ్ళి చొక్కా విప్పి వాసన చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. పొగ. దాని కింద గ్రీజు. దాని కింద... ఒక మనిషి.

ఉతకడానికి చెయ్యి రాలేదు. ఉతికాడు.

మళ్ళీ వారం బావ వచ్చాడు. సముద్రం అట్ట తీశాడు. మొదటి వైపు తుఫాను వచ్చి వెలిసింది. సూది గరగరలాడింది. ఇద్దరూ సందులోకి వచ్చారు.

అగ్గిపుల్ల వెలిగింది. బావ తనది వెలిగించుకుని, చెయ్యి అడ్డం పెట్టి ఇటు చాచాడు.

"వద్దు బావా. మానేశాను."

"మొదలెట్టనిది ఏం మానేస్తావురా?" బావ నవ్వాడు. పుల్ల వేళ్ళదాకా కాలింది. పారేశాడు.

ఇతనికి చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. జేబులో పెట్టాడు. తీశాడు. సుద్దముక్క నలిపాడు. ఇన్నేళ్ళూ ఇద్దరి మధ్యా ఉన్నది స్నేహమో, పొగో... పొగ తీసేస్తే మిగిలిన మనిషి ఇంత దగ్గరగా నిలబడ్డాడా అనిపించింది. బావ చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో చూసుకోలేదు.

"పిచ్చుక నా దగ్గర నీ వాసనొస్తుందంది."

బావ వేళ్ళ మధ్య సిగరెట్ తనంతట తానే కాలుతోంది.

"వారం వారం గుమ్మంలో నిలబడేది. నాకోసమనుకున్నాను."

బూడిద వంగింది. రాలలేదు.

"నేను లేచి వచ్చేస్తుంటే ఏడుస్తుందిరా," అన్నాడు బావ. "మెట్లన్నీ దిగేదాకా వినపడుతుంది. వీధి మలుపు తిరిగినా వినపడుతుంది. రాకుండా ఉంటే మెల్లగా అలవాటు పడుతుందిలే అనుకున్నాను."

"పడింది. నువ్వు లేకపోవడానికి కాదు. నా చొక్కాకి."

గాలి వీచింది. బూడిద రాలింది.

అనాల్సింది ఇంకొకటుంది. అది గొంతు దాటి రావడానికి మేడ మీద మొదటిసారి లాగిన పొగకన్నా ఎక్కువ దగ్గొచ్చింది.

"ఇక్కడికి రాకు బావా. అక్కడికెళ్ళు. వెళ్ళాక ఇక్కడికి రా."

బావ ఇతని వైపు చూశాడు. పెట్టెలు దించుతున్న మీసం లేని కుర్రాడి కోసం వెతికినట్టు చూశాడు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. లోపల రికార్డు తిరుగుతూనే ఉంది.

ఆ రోజు రెండో వైపు మోగలేదు.

సిగరెట్ మానడం కష్టమంటారు. ఇతనికి ఏ కష్టమూ కాలేదు. ఒళ్ళు అడగలేదు. చేతులు వణకలేదు. బట్టల ఏజెంటు సిగరెట్ పెట్టె చాచితే ఎప్పట్లాగానే వద్దన్నాడు, అంతే, అయిపోయింది.

మానలేనిది వేరే.

సాయంత్రం. మొదటి వైపు చివర. సూది గరగరమనగానే కాళ్ళు వాటంతట అవే లేచేవి. సందు తలుపు తీసేవి. సందులో ఒక గోడ. ఇంకో గోడ. గాలి ఒట్టి చేతులతో వచ్చి, ఒట్టి చేతులతో పోయేది.

తిరిగొచ్చి సూది ఎత్తేసేవాడు. రెండో వైపు వినబుద్ధయ్యేది కాదు. ఎర్ర అట్ట పెడితే మరీ కష్టం. గుండె ముందు వెళ్ళి నిలబడేది. డ్రమ్ములతను మాత్రం వెంట్రుకవాసి తేడాలో వచ్చేసేవాడు, ఎప్పటిలాగే.

బావ రాలేదు. ఇక్కడికీ రాలేదు. అక్కడికీ వెళ్ళలేదు.

అనవసరంగా అన్నానా? రెండు చోట్లా లేకుండా చేశానా?

అక్క ఇంట్లో పిచ్చుక ఒకసారి వచ్చి కరుచుకుంది. చొక్కాలో ముక్కు పెట్టింది. వెనక్కి జరిగింది.

"ఇప్పుడు రావట్లేదు," అంది.

తప్పు పట్టినట్టు అనలేదు. కొళాయిలో నీళ్ళు రావట్లేదు అన్నట్టు అంది. వెళ్ళి బొమ్మ వేసుకుంది.

ఒక సెలవురోజు అక్క పిచ్చుకని దుకాణంలో దింపి పనిమీద వెళ్ళింది. పిల్ల కటింగ్ బల్ల ఎక్కి పడుకుంది, గుడ్డముక్కల మధ్య. బయట చినుకులు. ఇతను సముద్రం అట్ట తీశాడు. చెయ్యి ఎందుకు దానిమీదికే పోయిందో...

"గుర్రం మునిగిపోతుందా?" అంది అట్ట చూసి.

"తెలీదు. విను."

తుఫాను మొదలైంది. పిచ్చుక కళ్ళు పెద్దవి చేసింది. కాళ్ళు ఆడించింది. తర్వాత ఆడించడం మానేసింది. ఒక్కచోట కూర్చోని పిల్ల కదలకుండా విన్నది. మొదటి వైపు అయిపోయింది. గరగర.

ఇతని కాళ్ళు లేచాయి. తలుపు దాకా వెళ్ళాయి.

"వెనకేముంది?" అంది పిచ్చుక.

"సందు."

"అక్కడ కాదు. దాని వెనక." రికార్డు వైపు చూపించింది.

తిప్పాడు. ఒక్క గిటారు. అందరూ వెళ్ళిపోయిన ఇంట్లో ఎవరో దీపాలు వెలిగించుకుంటూ...

"ఇది మీ నాన్నది," అన్నాడు. "మీ నాన్నకి ప్రాణం."

పిల్ల తల ఊపింది. ఎవరి పాట అని అడగలేదు. నాన్న ఎక్కడ అనీ అడగలేదు. పాట గదిలోంచి గదిలోకి నడుస్తోంది. ఇతని కళ్ళు మసకబారాయి. ఈసారి పొగ లేదు.

ఆ తర్వాతి ఆదివారం అక్క ఇంట్లో ఉన్నాడు. ఎండకీ మబ్బుకీ మధ్య ఊగుతున్న మధ్యాహ్నం. కిటికీ దగ్గర నిలబడి పిల్ల గౌనుకి వదులైన గుండీలు చూస్తున్నాడు.

కింద గేటు దగ్గర సైకిలు ఆగింది.

ఇస్త్రీ చొక్కా. దువ్విన జుట్టు. చేతిలో ఏమీ లేదు. బొమ్మ లేదు, మిఠాయి లేదు. బెల్లు కొట్టలేదు. గేటు మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి...

పిచ్చుక ఇతని కన్నా ముందే చూసింది. పరిగెత్తలేదు. ఎప్పుడూ ఎగిరే పిల్ల, ఒక్కొక్క మెట్టూ దిగింది. గేటుకి ఇవతల నిలబడింది. ఇద్దరి మధ్యా ఊచలు. ఏం మాట్లాడుకున్నారో గాలి ఇటు తేలేదు.

వెనక అక్క. కిటికీ దాకా రాలేదు. గోడ దగ్గరే ఆగిపోయింది.

"ఏడుస్తోందా?"

"లేదు. నోరు తెరిచింది."

"ఎందుకు?"

"పన్ను ఊడిన చోటు చూపిస్తోంది."

బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఊచల సందులోంచి తల వంచి ఆ చిన్న నోట్లోకి చూస్తున్నాడు. లిఫ్టు లోపలికి చూసినంత శ్రద్ధగా.

"ఏ పన్ను?" అంది అక్క.

"పైది."

అక్క చెంగుతో చెయ్యి తుడుచుకుంది. చెయ్యి తడిగా లేదు.

"కిందవి రెండూ కూడా చూపించమను," అంది. "మీ బావ అవీ చూళ్ళేదు."

ఇతను కిటికీ ఇంకాస్త తెరిచాడు. పిలవాలని నోరు తెరిచి, పిలవలేదు. గేటు ఇంకా మూసే ఉంది. ఇద్దరిలో ఎవరూ తియ్యలేదు.

ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టుంది. గాలి మెట్లెక్కి పైకొచ్చింది.

ఇటు వస్తుందో... అటే వెలిసిపోతుందో.