ఐదో నంబరు చొక్కా

ఫుట్‌బాల్ ఆడేవాడు కోచ్‌కి అబద్ధం చెబుతాడు, డాక్టరుకి చెబుతాడు, కట్టుకున్న పెళ్ళానికీ చెబుతాడు. చొక్కాకి మాత్రం చెప్పలేడు. ఇరవై ఆరేళ్ళు క్లబ్బు బట్టలు ఉతికినదాన్ని, నాకు తెలియదూ! ఎవడికి ఎక్కడ రక్తం కారిందో, ఎవడు మోకాలికి దొంగతనంగా మందు రాసుకుని, వాసన రాకుండా పౌడరు చల్లుకున్నాడో, అన్నీ నా తొట్టి దగ్గర బయటపడేవి.

లాండ్రీ గది స్టేడియం మెట్ల కింద ఉండేది. ఆట నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మావాళ్ళు గోలు కొడితే పైన జనం గెంతులకి కప్పు సున్నం రాలి, ఆరేసిన బట్టల మీద పడేది. వీళ్ళు గెలిస్తే నాకు రెండుసార్లు చాకిరీ అని తిట్టుకునేదాన్ని.

సోమవారం పొద్దున్నే క్లబ్బు డాక్టరుగారు నా గదికి వచ్చేవారు. అంత చదువుకున్న మనిషి, తడి నేల మీద ప్యాంటు పైకి మడుచుకుని నిలబడి, "ఏమ్మా, ఈ వారం బట్టలేమంటున్నాయి?" అని అడిగేవారు. ఎందుకంటే ఆడినవాడికే డబ్బు. బెంచీ మీద కూర్చుంటే సగం, ఇంట్లో పడుకుంటే సున్నా. అందుకని కాలు వాచిపోయినా నవ్వుతూ నడిచేవాళ్ళు. నేను చెప్పినదాన్ని బట్టి ఆయన అనుమానం ఉన్నవాణ్ణి పిలిచి చూసి, వచ్చే ఆటకి ఎవరెవరు పనికొస్తారో చీటీ రాసేవారు.

ఆ జట్టులో ఐదో నంబరు మా తమ్ముడు. అందరూ వాణ్ణి గోడ అనేవారు. బంతి ఎంత ఎత్తునుంచి వచ్చినా తలతో కొట్టి తిప్పి పంపేవాడు. అప్పటి బంతులు తోలువి, వానొస్తే నీళ్ళు పీల్చుకుని బండరాయిలా అయిపోయేవి. మా ఆయన పోయాక పిల్లని వెంటబెట్టుకుని నేను వాడింట్లోనే ఉండేదాన్ని. వాడి జుట్టులో తెల్ల వెంట్రుక కనబడితే మరదలు, "వదినా, గోడకి అప్పుడే సున్నం వేస్తున్నారు చూడు" అనేది. నవ్వేవాళ్ళం గానీ లోపల భయమే. వాడికి ముప్ఫై ఒకటి నిండాయి. మరదలికి ఆరో నెల.

అలాంటప్పుడు కబురొచ్చింది. పెద్ద క్లబ్బువాళ్ళు వచ్చే శనివారం కాక ఆ పై శనివారం వాడి ఆట చూడ్డానికి వస్తున్నారట. నచ్చితే మూడేళ్ళపాటు, ఆడినా ఆడకపోయినా జీతం.

దానికి ముందు శనివారం వాన. బంతి కోసం ఎగిరినప్పుడు అవతలివాడి తలా వీడి తలా ఢీకొన్నాయట. పడి, లేచి, చివరిదాకా ఆడాడు. జనం చప్పట్లు నా గదిలోకి కూడా వినిపించాయి. సాయంత్రం మూట విప్పితే ఐదో నంబరు చొక్కా ముందుభాగమంతా వాంతి. బురద కప్పేసింది గానీ ఆ వాసన నా దగ్గర దాగుతుందా? తలకి దెబ్బ తగిలినవాడు వాంతి చేసుకుంటే ఆ క్షణమే చెప్పాలని డాక్టరుగారు నాకు మొదట్లోనే చెప్పి ఉంచారు.

తలెత్తి చూస్తే వాడు గుమ్మంలో ఉన్నాడు.

"అక్కా, అది ఉతికెయ్యి."

"ఎన్నిసార్లయిందిరా?"

"ఒక్కసారే. తిన్నది పడలేదంతే."

"నా మొహం చూసి చెప్పు."

"లైటు కళ్ళల్లో పడుతోందే." కళ్ళు మూసుకునే అన్నాడు. "ఒక్క వారం ఆగవే. ఆ శనివారం ఒక్కటీ ఆడనీ. తర్వాత నువ్వే మైకు పట్టుకుని ఊరంతా చాటించు."

"పోరా వెధవా, నాకు మైకెందుకు, నా గొంతు చాలదూ?"

నవ్వాడు. నవ్వుతూనే తల పట్టుకున్నాడు. అదీ చూశాను. చూసి కూడా ఆ చొక్కా మూడుసార్లు సబ్బు పెట్టి ఉతికాను.

సోమవారం డాక్టరుగారు వచ్చారు. అందరివీ అడిగి, ఆఖరున, "ఐదో నంబరు?" అన్నారు.

"మట్టేనండీ. వాడికేం, గోడ."

ఆయన నవ్వి వెళ్ళిపోయారు. చీటీలో వాడి పేరు ఎక్కింది.

ఆ శనివారం వాన కూడా లేదు. పొడి బంతి, మామూలుగా వచ్చిందట, మామూలుగానే తలతో కొట్టాడట. అవతలివాళ్ళు గోలు కొట్టినప్పుడు పైన నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు, కాసేపటికి దాంట్లోంచి తిట్లు మొదలవుతాయి. ఆ రోజు నిశ్శబ్దంలో తిట్లు లేవు. తడి చేతులతోనే పైకి పరిగెత్తాను.

నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కళ్ళు తెరవకుండానే పోయాడు. మొదటి దెబ్బకి వాచిన మెదడుకి ఆ వాపు ఇంకా తగ్గలేదనీ, దాని మీద చిన్న దెబ్బ తగిలినా తట్టుకోలేదనీ, మూడు వారాలు ఊరికే పడుకుని ఉంటే బతికేవాడనీ అక్కడి డాక్టరు చెప్పాడు. ఊరికే పడుకుని ఉంటే! క్లబ్బువాళ్ళు మాత్రం ఆటలో జరిగిన దురదృష్టమని గేటుకి ఒక కాగితం అంటించారు.

ఆడపిల్ల పుట్టింది. నెల దాటాక ఇక మోయలేకపోయాను. మరదలు మంచం మీద పిల్ల గుడ్డలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"వాడి చొక్కా మీద వాంతి చూశానమ్మా. డాక్టరుగారు అడిగితే దాచాను."

ఆమె మడత ఆపలేదు. "తెలుసు వదినా."

"ఎలా తెలుసు?"

"నువ్వు పనికెళ్ళాక ఇంట్లో కూడా రెండుసార్లు కక్కుకున్నాడు. గురువారం పొద్దున నా పేరు కోసం తడుముకున్నాడు. డాక్టరుగారి దగ్గరికి వెళ్తానని చెప్పులేసుకున్నాను. మీ తమ్ముడే ఆపాడు. 'అక్క చూసింది. బట్టలు చూసి జబ్బు చెప్పే మనిషి, తనే ఊరుకుందంటే భయం లేనట్టేగా' అన్నాడు." ఇంకో గుడ్డ తీసుకుంది. "నిజమే కదా అని చెప్పులు విడిచేశాను."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. నన్ను ఇంట్లోంచి పొమ్మనలేదు. వదినా అని పిలవడమూ మానలేదు, ముందు నాకు వడ్డించాకే తను తినేది. కానీ ఆ పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా, పాలు కక్కినా, ఒక్కసారి నువ్వు చూడు వదినా అని మాత్రం ఎన్నడూ అనలేదు. ఎండనక వాననక పిల్లని భుజాన వేసుకుని, గుమ్మంలో కూర్చున్న నన్ను దాటుకుని, నేరుగా డాక్టరు దగ్గరికి నడిచేది.