ఎడమచేతి వాటం

స్క్రూలు విప్పేటప్పుడు అతను ఊపిరి బిగబడతాడు. ఆరో స్క్రూ కూడా ఊడి అరచేతిలో పడ్డాక గానీ వదలడు. ఆ పొద్దున బల్ల మీదున్నది పాతకాలపు వీడియోగేమ్ పెట్టె. తెల్లటి ప్లాస్టిక్కు ముదురు పసుపు తిరిగింది. మూత మీద ఎవరో చిన్నప్పుడు పిన్నీసుతో గీసుకున్న పొడి అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. మూత ఎత్తకముందే "రెండో రకం బోర్డు" అనుకున్నాడు. ఎత్తి చూస్తే రెండో రకమే.

ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేడు. చేతిలోకి తీసుకున్నప్పుడు బరువు ఏ పక్కకి వాలిందో చెయ్యే చెబుతుందంటాడు. బయటికి ఆ పెట్టెలన్నీ ఒకే అచ్చులో పోసినవి. లోపల మాత్రం కంపెనీవాళ్ళు ఏడాదికోసారి ఏదో ఒకటి మారుస్తూనే పోయారు. మొదటి రకంలో శబ్దానికి వేరే చిప్పు ఉండేది, పాట మొదలైతే గదంతా నిండిపోయేది. రెండో రకంలో దాన్నీ దీన్నీ కలిపేశారు. బొమ్మ శుభ్రంగానే వస్తుంది, పాట మాత్రం జలుబు చేసిన గొంతులా వస్తుంది. మూడో రకం సంగతి ఎత్తకూడదు. ఇక నకిలీవైతే లోపలున్నదంతా ఒక్క నల్ల జిగురు చుక్క కింద కప్పెట్టి ఉంటుంది. వాటినీ బాగుచేస్తాడు. చేసినంతసేపూ తిడుతూనే ఉంటాడు.

పెట్టె తాలూకు మనిషి పళ్ళ డాక్టరు. తొమ్మిదింటికి వచ్చి బల్లకి అవతల స్టూలు మీద కూర్చున్నాడు.

"మా తమ్ముడి దగ్గర కూడా ఇదే ఉంది మాస్టారూ. రెండూ ఒకటేగా?"

"ఒకటేనండీ. మీ దగ్గరికొచ్చేవాళ్ళ పైపళ్ళూ కిందిపళ్ళూ ఒకటే అయినట్టు."

డాక్టరు పకపకా నవ్వాడు. అతను నవ్వలేదు. ఆ మాట అతను హాస్యానికి అనలేదు మరి.

కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. మేడమెట్ల కింద మూడడుగుల గది. నిలబడితే తల తగులుతుంది కాబట్టి నిలబడడు. గోడకి చిన్నచిన్న సొరుగులు, ఒక దాంట్లో స్ప్రింగులు, ఒక దాంట్లో బటన్ల కింద పెట్టే రబ్బరు మెత్తలు, ఒక దాంట్లో ఏ పెట్టెకీ చెందని స్క్రూలు. వీధిలో అందరూ గేములాయన అంటారు. మొదట్లో రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు. రేడియోలు పోయాయి, టీవీలు పాడైతే పారేయడం మొదలైంది. ఈ గేముల పెట్టెలు మాత్రం జనం పారేయలేకపోయారు. చిన్నప్పటి సెలవులన్నీ వాటిలో ఉండిపోయాయి కాబోలు. అలా అతని బండి నడిచింది.

అసలు అతనికి పేరొచ్చింది బాగుచేయడంలో కాదు, ఎవరి చేతికి తగ్గ కంట్రోలరు వాళ్ళకి చేసిపెట్టడంలో. వేళ్ళ కీళ్ళు వాచిన ఒకావిడకి రూపాయి బిళ్ళంత బటన్లతో చేశాడు. చంటిబిడ్డ పక్కన కూర్చుని ఆడుకునే ఒకాయనకి టిక్కుమనని బటన్లతో చేశాడు. చేసినవన్నీ చూడముచ్చటగా ఉంటాయి. లోపల ఒక్క తీగ కూడా వేలాడదు. చెప్పిన రోజుకి మాత్రం ఒక్కటీ చేతికందలేదు. నెల అంటే మూడు నెలలని అర్థం చేసుకోవడం వాడుకవాళ్ళకి అలవాటైపోయింది. అందుకే బావ అతనికి వాయిదాలరావు అని పేరు పెట్టాడు.

బావ అంటే అక్క మొగుడు, సిటీ బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడి కుడి బొటనవేలితో టికెట్లు చింపుతుంటే చూసి తీరాలి. వాళ్ళిళ్ళలో గేము పెట్టె మొట్టమొదట కొన్నది ఆయనే. పిల్లల కోసమని కొన్నాడు, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆదివారం వస్తే బావా బావమరుదులిద్దరూ దాని ముందు బాసీపట్టు వేసుక్కూర్చునేవాళ్ళు. వాళ్ళాడేది కొండలెక్కే ఆట. ఒకడు కింద తాడు బిగించి పట్టుకోవాలి, రెండోవాడు ఎక్కాలి. ఒక్కడు ఆడితే ముందుకు సాగదు. పట్టుకునేవాడు ఏమరుపాటున వదిలితే ఎక్కేవాడు పోతాడు, ఎక్కేవాడు తొందరపడితే ఇద్దరూ పోతారు. ఇరవయ్యేళ్ళు ఆడారు. ఏడో కొండ మాత్రం దాటలేదు. "నువ్వు వదిలావు" అని ఒకరు, "నువ్వు దూకావు" అని ఒకరు. అక్క వచ్చి టీవీ కట్టేస్తే గానీ ఆ తగువు తీరేది కాదు.

ఎనిమిది నెలల కిందట బావకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పూర్తిగా పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మూడోవారం, ముద్దముద్దగా నాలుగు మాటలు వస్తున్న రోజున, ఆయన అడిగిన మొదటి సంగతి అదే. "ఒంటిచేత్తో ఆడేది చెయ్యవోయ్." అతను అక్కడికక్కడే తెల్లకాగితం మీద బావ ఎడమచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాడు. నెలరోజుల్లో తెస్తానన్నాడు.

ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో అక్క ఇంటికి మూడంటే మూడుసార్లు వెళ్ళాడు, మూడుసార్లూ కొలతలకే. ఉత్తచేతులతో వెళ్ళి బావ ముఖం ఎలా చూడాలని అతని బాధ. పూర్తయ్యాకే వెళ్దాం, చేతిలో పెట్టి ఆడిద్దాం, ఆయన ముఖం చూద్దాం అనుకుంటూ వచ్చాడు. అలా అనుకున్న ఆదివారాలు ఎన్నో లెక్కేసుకుంటే ఇప్పుడు గుండె తరుక్కుపోతుంది. అప్పుడు లెక్కేసుకోలేదు.

ఈ ఆదివారం మాత్రం తప్పదని అక్కకి మాటిచ్చాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే భార్య గుమ్మందాకా వచ్చింది. "ఎలా ఉంటే అలా తీసుకెళ్ళండి. అన్నయ్యగారేమన్నా పరీక్ష పెడతారా?" అంది. "మూత బిగించడమే మిగిలింది" అన్నాడతను.

డాక్టరు వెళ్ళాక ఆ పనే మొదలుపెట్టాడు. అరచెయ్యి ఆనేలా గుల్లగా చెక్కిన చెక్క పెట్టె, బొటనవేలితో అటూ ఇటూ తిప్పడానికి చిన్న పుల్ల, నాలుగు వేళ్ళకీ ఆరు బటన్లు. బోర్డు లోపల పెట్టి మూత వేశాడు. మూత కూర్చోలేదు. మళ్ళీ వేశాడు. మూతకున్న కన్నాలు ఒక పక్క, బోర్డు మీది బటన్లు ఇంకో పక్క ఉన్నాయి. బోర్డు బయటికి తీసి ఎడమచెయ్యి పెట్టాడు, బొటనవేలి కింద ఏమీ లేదు. కుడిచెయ్యి పెట్టాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

ఈ పనిలో కొత్తగా దిగినవాళ్ళు చేసే తప్పు అది. బోర్డు చేసే రాగిరేకు మీదికి గీతలు దించేటప్పుడు కాగితాన్ని తిరగేయాలి. తిరగేయకపోతే అద్దంలో బొమ్మలా అంతా తారుమారవుతుంది. ముప్పై ఏళ్ళ పనివాడు తిరగేయడం మరిచాడు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి ఉంది. వారంరోజులుగా ఆ బోర్డుని తన కుడిచేత్తోనే నొక్కి చూసుకుంటున్నాడు, బటన్లన్నీ పలుకుతున్నాయని మురిసిపోతూ. ఎడమచేతి మనిషికి చేస్తున్నవాడు ఒక్కసారైనా తన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని చూసుకోలేదు.

బటన్లు ఊడదీసి మూతకే అంటించేసి, ఒక్కోదానికీ తీగ లాగితే గంట పని. పన్నెండింటికల్లా అక్క ఇంట్లో ఉండొచ్చు. ఆ సంగతి అతనికి తట్టకపోలేదు. తీగలు తీశాడు కూడా. కానీ ఆ వేలాడే తీగల గుత్తిని పెట్టెలో కూరడం తలుచుకుంటే చేతులాడలేదు. ఎవరికి చేసినా శుభ్రంగా చేసి, సొంత బావకి గడ్డివాములాంటిది ఇస్తానా అనుకున్నాడు. తీగలు సొరుగులో పడేసి కొత్త రాగిరేకు తీశాడు.

పదకొండున్నరకి అక్క ఫోను చేసింది.

"బయల్దేరావట్రా? పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేయించుకుని కూర్చున్నాడు మీ బావ. గుమ్మంవైపు చూడ్డమే పని."

"చిన్న పొరపాటు జరిగిందక్కా. ఆరింటికల్లా వస్తా."

"ఉన్నది పట్టుకుని వచ్చెయ్యరా."

"ఉన్నది కుడిచేతిదైందే!"

అవతల వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "ఎవరూ... వాయిదాల... రావేనా?" మాట ముద్దయినా వెటకారం ఎక్కడికీ పోలేదు.

"ఇవాళ వాయిదా లేదని చెప్పు" అన్నాడతను. అక్క చెప్పింది. బావ నవ్వాడు. ఆ నవ్వు పొడిదగ్గులోకి తిరిగింది. అక్క మంచినీళ్ళు ఇస్తానంటూ ఫోను పెట్టేసింది.

కాగితం ఈసారి మూడుసార్లు తిరగేసి చూసుకుని దించాడు. రేకుని తుప్పురంగు ద్రావణంలో వేసి, గిన్నెని మెల్లగా ఊపుతూ కూర్చున్నాడు. అక్కర్లేని రాగి కరిగిపోయి గీతలు మిగలడానికి ముప్పావుగంట పడుతుంది, తొందరపెడితే గీతలు కూడా తింటుంది. భార్య పంపిన భోజనం డబ్బా తెరవలేదు. తర్వాత కన్నాలు వేయాలి. సన్నటి డ్రిల్లు మోతలో ఫోను ఒకసారి మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. తెరమీద అక్క పేరు చూశాడు. ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతుంది, ఏం చెప్పను, వెళ్ళే చూపిస్తాలే అనుకున్నాడు.

ఐదింటికి మూత కూర్చుంది. టక్కుమని కూర్చుంది. అప్పుడు కుడిచెయ్యి వెనక్కి విరుచుకుని నడుముకి ఆనించి, ఎడమచేత్తో ఆడి చూశాడు. కష్టంగానే ఉంది, వేళ్ళు చెప్పినమాట వినడంలేదు. కానీ బటన్లన్నీ అందుతున్నాయి. బావ చేతికి ఇంకా బాగా అందుతాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి అతనికి. మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, కొట్టు తాళం వేసి, పరుగులాంటి నడక నడిచాడు. దారంతా బావతో ఏమనాలో అనుకుంటూనే ఉన్నాడు. 'ఇక తాడు వదిలితే చెయ్యి మీద నెపం పెట్టడానికి లేదు బావా' అనాలి. అదీ ఆయనకి తగ్గ మాట.

అక్కావాళ్ళది రెండో అంతస్తు. మెట్ల మలుపులో ఆగిపోయాడు. పైన గుమ్మం ముందు చెప్పులున్నాయి. ఇంటివాళ్ళవి కాని చెప్పులు, పది జతలకి పైనే ఉన్నాయి.

బావని మంచం మీద పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కా నలగలేదు. అక్క ఏడ్చి ఏడ్చి అప్పటికే అలిసిపోయింది.

"మూడున్నరకి మంచినీళ్ళడిగాడు. తెచ్చేసరికి కుర్చీలోనే తల వాలిపోయి ఉంది. కునుకు తీస్తున్నాడనుకున్నాన్రా. నీకు రెండుసార్లు చేశాను. ఎత్తకపోతే దార్లో ఉన్నావనుకున్నాను."

"డ్రిల్లు..." అని గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

జనం వస్తున్నారు, పోతున్నారు. కూర్చున్నచోటి నుంచి కిటికీ పక్కనున్న బావ కుర్చీ కనిపిస్తోంది. కుర్చీ ముందు స్టూలు మీద కూరలు తరిగే చెక్క, దాని మీద పాత కంట్రోలరొకటి, ఇరవయ్యేళ్ళనాటిది, నాలుగు రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉంది. తీగ వెళ్ళి టీవీ కింది పెట్టెలో కలిసింది. రెండో కంట్రోలరు తీగ చుట్ట విప్పి, పక్కనున్న ఖాళీ కుర్చీ మీద పెట్టి ఉంది.

"ఇదెవరు చేశారక్కా?"

"ఎవరు చేస్తారు, ఆయనే. నువ్వు చెయ్యి గీసుకెళ్ళిన వారానికే వంటింట్లో చెక్క తెమ్మన్నాడు. బ్యాండ్లు నాచేత చుట్టించాడు. అప్పట్నుంచీ రోజూ ఒక్కడే దీంతో సాధన. ఎక్కడం తనవల్ల కాదుట. తాడు పట్టుకోవడం మాత్రం పూర్తిగా వచ్చేసిందన్నాడు. ఎక్కేవాడు ఒకడుంటే చాలన్నాడు."

"నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడురా. నువ్వు కొలతలకొచ్చినప్పుడల్లా దీన్ని నాచేత దాయించేవాడు. వాడు నాకోసం అంత కష్టపడుతుంటే ఈ చెక్కముక్క చాలని ఎలా చెప్తాం, చిన్నబుచ్చుకుంటాడన్నాడు." అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఊరికే రమ్మంటే నువ్వొచ్చేవాడివి కాదు కదరా."

వచ్చేవాణ్ణంటే అది అబద్ధం. అన్ని ఆదివారాలూ బావ ఇక్కడ తాడు బిగించి పట్టుకుని కూర్చున్నాడు, తను ఆరు వీధుల అవతల మెట్ల కింద కూర్చుని చెక్కకి మెరుగు పెడుతున్నాడు. జేబులో ఉన్నది తొడకి గుచ్చుకుంటోంది. దాన్ని బయటికి తీయాలంటే ఒళ్ళు చచ్చిపోయేంత సిగ్గేసింది.

మోకాళ్ళ మీద జరిగి స్టూలు దగ్గరికి వెళ్ళాడు. ఎంత దుఃఖంలో ఉన్నా పనివాడి కన్ను పనివాడి కన్నే. చెక్కని కొంచెం ఏటవాలుగా నిలబెట్టడానికి అడుగున పాత టికెట్ల కట్ట పెట్టి ఉంది. లాగుడు ఎక్కువపడే చోట బ్యాండు రెండు చుట్లు తిరిగింది. కుడి బటన్లు ఎడమచేతికి అందేలా కంట్రోలరుని తిప్పి బిగించారు, ఎంత తిప్పాలో అంతే. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. చెక్క అంచున, మణికట్టు ఆనేచోట, పాత తువ్వాలు ముక్క నాలుగు మడతలు పెట్టి అంటించి ఉంది, మధ్యలో చిన్న పల్లం పడి.